నాలుగున్నరో మెట్టు మీద నైపుణ్యం

వృత్తి శిక్షణ రంగంలో అన్నిటికంటే వేగంగా ఎదుగుతున్న పరిశ్రమ ఏదని విచారిస్తే, అది లేత్ మిషన్లదీ కాదు, వెల్డింగ్ రాడ్లదీ కాదు, పదాల తయారీది అని తేలుతుంది. దానికి ముడిసరుకు అక్కర్లేదు, కరెంటు కోత తగలదు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో పనిలేదు. కమిటీ ఒకటి కూర్చుంటే చాలు, ఉత్పత్తి మొదలవుతుంది.

ఈ ఉత్పత్తులను పరిశీలించడానికి హైదరాబాద్ ఉత్తర శివారులోని బహదూర్‌పల్లి అనువైన చోటు. ఊళ్లో టెక్ మహీంద్రా ప్రాంగణం, 2014లో ఎకోల్ సెంట్రల్ పేరుతో మొదలై 2020లో విశ్వవిద్యాలయమైన మహీంద్రా విద్యాసంస్థ ఉండగా, ఒకవైపు గండిమైసమ్మ, దుండిగల్ దారిలో ఇంజనీరింగ్ కాలేజీలు, మరోవైపు జీడిమెట్ల పారిశ్రామికవాడ, ఆ పైన బాలానగర్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తోడ్పాటుతో 1968లో నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నాయి. పదాలు పుట్టే చోటు, పని జరిగే చోటు ఇంత దగ్గరగా ఉన్నా, ఒకదాని భాష మరొకదానికి అర్థం కాకపోవడమే ఇక్కడి విశేషం.

ముందుగా, ఈ రంగానికి పెద్దదిక్కైన మాట 'టీవెట్'. సాంకేతిక, వృత్తి విద్యనూ శిక్షణనూ కలిపి చెప్పే పొడి అక్షరాల పేరిది. యునెస్కో 1962లో ఈ విషయంపై చేసిన సిఫారసు శీర్షికలో విద్య మాత్రమే ఉంది. 1974లో, 2001లో సవరించినా శిక్షణకు అందులో చోటు దక్కలేదు. 2015 సిఫారసుతో గాని అది శీర్షికకు ఎక్కలేదు. అంటే పని నేర్పే విద్య పేరులోకి నేర్పడమనే సంగతి అధికారికంగా చేరడానికి 53 ఏళ్లు పట్టింది. రెండేళ్లలో ఫిట్టర్ కోర్సు ముగించే ఐటీఐ కుర్రాడు ఈ నిదానాన్ని చూసి ఓర్పు నేర్చుకోవచ్చు.

రెండోది 'జాతీయ నైపుణ్య అర్హతల చట్రం'. మనిషికి ఎంత పని వచ్చునో, ఎంత బాధ్యత మోయగలడో చూసి అతన్ని ఒక మెట్టు మీద నిలబెట్టే ఏర్పాటిది. 2013 డిసెంబరులో నోటిఫై చేసినప్పుడు పది మెట్లున్నాయి. 2023 సవరణలో అవి ఎనిమిదికి తగ్గాయి. తగ్గిన మెట్ల మధ్య రెండున్నర, మూడున్నర, నాలుగున్నర అంటూ అరమెట్లు వెలిశాయి కాబట్టి, ఎక్కేవాడికి శ్రమ తగ్గిందో పెరిగిందో పండితులే తేల్చాలి. జీడిమెట్ల షెడ్డులో మాత్రం హెల్పర్, ఆపరేటర్, సూపర్‌వైజర్ అనే మెట్లే చలామణీలో ఉన్నాయి. ఏ మెట్టుకు ఎంత జీతమో అక్కడ చాయ్ అందించే పిల్లవాడికి కూడా తెలుసు.

మూడోది 'పూర్వ అభ్యసన గుర్తింపు'. బడికీ శిక్షణ కేంద్రానికీ వెళ్లకుండా పనిలోనే పని నేర్చుకున్నవారిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడమని దీని అర్థం. ముప్పై ఏళ్లుగా గోడలు కడుతున్న మేస్త్రీకి గోడ కట్టడం వచ్చునని ఆ గోడలు రుజువు చేయలేకపోయాయి గనుక, ఆ భారం కాగితం మీద పడింది. గల్ఫ్‌కు పోయేవారికి ఆ కాగితం అక్కరకు రావచ్చు గాని, గుత్తేదారు కూలి లెక్కగట్టేటప్పుడు దాన్ని చూపించమని అడిగే ఆచారం ఇంకా ఏర్పడలేదు.

పదాలలోకెల్లా చమత్కారమైనది 'అప్రెంటిస్'. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం ఇతడు శిక్షణ పొందే వ్యక్తే తప్ప శ్రామికుడు కాడు. భద్రత, ఆరోగ్యం విషయంలో ఫ్యాక్టరీల నిబంధనలు ఇతనికి వర్తిస్తాయి గాని, కార్మిక చట్టాలు సాధారణంగా వర్తించవు. పొద్దున షిఫ్టుకు వచ్చి, మిషన్ నడిపి, సరుకు బయటికి పంపి, సాయంత్రం చేతికంటిన గ్రీజు కడుక్కొని ఇంటికి వెళ్లే ఈ మనిషి రోజంతా శ్రామికుడు కాకుండా ఎలా ఉండగలిగాడన్నది వేదాంతులు సైతం విప్పలేని చిక్కుముడి.

పాత బోర్డులకు కొత్త రంగు వేయడం ఈ పరిశ్రమకు అనుబంధ వ్యాపారం. 1956 నాటి జాతీయ వృత్తి శిక్షణ మండలి బాధ్యతలను అందుకునేందుకు 2018లో మరింత పొడుగు పేరున్న మండలి వచ్చింది. విద్యానగర్‌లోని అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ అయింది. తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. అదే ఏడాది చట్టంతో ఏర్పడిన యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ బాధ్యత, బహదూర్‌పల్లి విశ్వవిద్యాలయ కులపతి ఆనంద్ మహీంద్రాకే దక్కింది. కొత్త బోర్డు వెనుక కొత్త మిషన్లు వస్తే అది నిజంగా మార్పే. నేర్పే మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంటే మాత్రం ఆ మిషన్లు ప్రదర్శన వస్తువులవుతాయి.

ఇన్ని నిర్వచనాల నడుమ షెడ్డు యజమాని వాడే మూల్యాంకన పద్ధతి ఒక్కటే. దాని పేరు 'ట్రయల్'. పని అడగడానికి వచ్చి సర్టిఫికెట్ల ఫైలు విప్పబోయిన కుర్రాడిని ఆపి, "ఏ మిషన్ మీద చేసినవ్?" అని అడిగి, చేతికి ఒక ఇనుప రాడ్డు, ఒక డ్రాయింగు ఇస్తాడు. కుర్రాడు టూల్‌కు పదును పెట్టుకొని, రాడ్డును చక్‌లో బిగించి, తిప్పి తీశాక, యజమాని వెర్నియర్ పెట్టి చూస్తాడు. కొలత సరిపోతే రేపటి నుంచి రమ్మంటాడు, సరిపోకపోతే ఫోన్ చేస్తామంటాడు. ఈ పద్ధతిలో అరమెట్లు లేవు, అప్పీలు లేదు.

పదాలు అక్కర్లేదని దీని అర్థం కాదు. ఒక రాష్ట్రంలో నేర్చిన పనికి మరో రాష్ట్రంలో విలువ కట్టాలంటే ఉమ్మడి కొలబద్ద ఉండి తీరాలి. అయితే కొలబద్దను మార్చినంత మాత్రాన సరుకు పొడుగు పెరగదు. కాబట్టి ఇకపై కొత్త పదాన్ని ప్రతిపాదించే ప్రతి కమిటీ, దాని ముందున్న పదం కింద ఎందరు పని నేర్చుకున్నారో, వారిలో ఎందరికి ఆ పనే దొరికిందో, ఏడాది తిరిగాక ఎంత జీతం అందుకుంటున్నారో ముందుగా అచ్చువేయాలి. ఆ మూడు అంకెలు చూపలేని పదాన్ని ట్రయల్‌లోనే వెనక్కి పంపాలి.