గిన్నె మ్రోగెనేని: సటీకా తాత్పర్యము

అవతారిక: మిల్టన్ కీన్స్ పురమందు విల్లెన్ సరస్సు గట్టున, శాంతి స్తూపం దాపున, ఒక తెలుగు గృహస్థు ఖాళీ తాడు చేతబట్టుకొని, బాతుల జాడన పోయిన తన బీగిల్‌ను గూర్చి పలికిన పద్యమిది. గృహస్థును నేనే. కుక్క పేరు లడ్డు.

ముక్కు ముందు నడచు, మొండెము వెనుకను
తోక తెల్ల కొనయె తోచు మనకు
పిలువ వినదు చెవులు బెత్తెడు వ్రేలినన్
గిన్నె మ్రోగెనేని గిరున మరలు

ప్రతిపదార్థం: ముక్కు = వాసన పట్టే కణాలు మనకు 50 లక్షలైతే తనకు 20 కోట్ల పైచిలుకు గలది; ముందు నడచు = దారి తానే నిర్ణయించును; మొండెము = 33 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు దేహము; వెనుకను = యజమానితో సహా అని అధ్యాహార్యము; పిలువ = గొంతు చించుకొన్నను; గిన్నె మ్రోగెనేని = మూసిన వంటింట్లోనైనను.

తాత్పర్యం: స్పష్టము.

విశేషములు: ముక్కును మొదట నిలుపుటలో ఔచిత్యమున్నది. బ్యాన్‌క్రాఫ్ట్‌లోని కాంక్రీట్ ఆవులను చూడ ఊరివారు పిల్లలను తీసుకుపోతారు. లడ్డు ఒక్కసారి మూచూసి మొహం తిప్పుకొంది. వాసన లేనిది దానికి ఆవు కాదు. ఘ్రాణజ ప్రత్యక్షమంటే ఏమిటో నాకు తర్కశాస్త్రం చదివినప్పటికంటే ఆ రోజే బాగా అర్థమైంది.

"కొనయె" అన్న ఏవకారం వ్యర్థం కాదు. కుందేళ్ళ వేటలో కుక్కల వెంట కాలినడకన పరుగెత్తేవారికి ఎత్తు గడ్డిలో అగపడేది ఆ తెలుపే. 2004 చట్టం ఇంగ్లండ్‌లో ఆ వేటను నిషేధించింది. లడ్డుకు ఆ కబురు అందలేదు.

"పిలువ వినదు": కారణముండియు కార్యము లేదు గనుక విశేషోక్తి. ఇది వట్టి మొండితనమని ఒక మతం. మా అత్తగారు ఆ పక్షం. గ్రాహ్యం కాదు. తరతరాలుగా జాడ వదలని కుక్కనే ఏరి పెంచి, ఇప్పుడు వెనక్కి రాదని తిట్టడమేమి న్యాయం? కంచె లేనిచోట తాడు విప్పరాదు, అంతే. వ్రేలు చెవులలో గాలాడదు. వారానికొకసారి ఎత్తి చూడవలె. కంపు కొడితే పశువుల డాక్టరు దగ్గరకు పోవలె.

"గిన్నె": పద్యానికి ప్రాణమిది. ఈ జాతి ఇక చాలనదు. మేత తూచి పెట్టాలి. ఇంటిల్లిపాదీ తలో ముద్ద వేస్తే నెలల్లో పిప్పళ్ళబస్తా అవుతుంది. కిస్మిస్ మూత్రపిండాలను, ఉల్లి రక్తకణాలను చెరుస్తాయి. అనగా మన పరమాన్నమూ పప్పుచారూ రెండూ దానికి నిషిద్ధం. ఊరికి చేరువన గ్రేట్ హార్వుడ్‌లో మెడికల్ డిటెక్షన్ డాగ్స్ సంస్థ కుక్కలకు రోగాల వాసన పట్టడం నేర్పుతుంది. మా లడ్డు పాండిత్యం సోఫా సందులో ఇరుక్కున్న బూందీ దగ్గర ఆగింది. ఆ ముక్కుకూ పని కావాలి గనుక, గంట నడకకు తోడు, పాత తువ్వాలులో మేత చుట్టి దాచిపెడుతున్నాను.

పాఠకులకు మనవి: విల్లెన్ గట్టున గడ్డిలో తెల్ల కొన ఒక్కటే కదులుతుంటే పేరు పెట్టి పిలవకండి. టిఫిన్ డబ్బా ఉంటే మూత మోగించండి.