మడమతో పలకరించే మావయ్య

మా చిన్న మావయ్య ఎక్కడికెళ్లినా ముందు మడమతో నేలను ఓ పోటు పొడుస్తాడు. వియ్యాలవారికి నమస్కారం ఆ తర్వాతే. ఈమధ్య ఓ పెళ్లిలో అందరూ అక్షింతలు వేస్తుంటే, ఈయన షామియానా గుంజ దగ్గర నేల తన్ని, "రోలింగ్ సరిగ్గా పడలేదురా అల్లుడూ, వాన పడితే భోజనాలు బురదలోనే" అన్నాడు. పడింది. బురదలోనే తిన్నాం. ఆయనతో వచ్చిన చిక్కే అది, నోరు మూయిద్దామంటే అన్నది జరిగి కూర్చుంటుంది.

మావయ్య సైట్ ఇంజినీరు. ఇప్పుడు ఓ పెద్ద చెత్త కేంద్రానికి నేల సిద్ధం చేయిస్తున్నాడు. "డంపింగ్ యార్డా?" అని ఎవరైనా ముక్కు చిట్లిస్తే, "సమగ్ర ఘన వ్యర్థాల నిర్వహణ కేంద్రం" అని గుక్క తిప్పుకోకుండా దిద్దుతాడు. "మన జవహర్‌నగర్ యార్డు లాంటిదేగా" అన్నామా, అన్నం చల్లారిపోవాల్సిందే. అక్కడ ఏళ్లతరబడి పోసి, గుట్టయ్యాక పైన కప్పారట. ఈయన ముందు అడుగున షీటు పరిచి ఆ తర్వాత చెత్త పోయిస్తాడట. 2016 నాటి నిబంధనలు కంఠతా: నదికి 100 మీటర్లు, చెరువుకు 200, ఎయిర్‌పోర్టుకు 20 కిలోమీటర్లు. అత్తయ్య పుట్టినరోజు మాత్రం కార్తీకమో మార్గశిరమో తేలదు.

ఓసారి సైటుకు తీసుకెళ్లాడు. తుమ్మమొద్దులు వేళ్లతో సహా పీకించి, పైమట్టిని ఓ పక్క గుట్ట పోయించి, ప్రొక్లెయిన్లతో ఊరంత గొయ్యి తవ్వించాడు. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, పొర పోయడం, తడపడం, రోలర్ తొక్కించడం, మళ్లీ పొర. దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల నల్ల షీటు. చెత్తలోంచి ఊరే నల్లనీళ్లు భూమిలోకి దిగకుండా ఈ తంతంతా. కింద గులకరాయి ఉన్నా షీటుకు చిల్లే. అందుకని ఇంత హోదా ఉన్న మనిషి మోకాళ్ల మీద కూలబడి, అరచేత్తో నేల తడుముతూ రాళ్లు ఏరుతుంటే కూలీలు నవ్వాపుకోలేక అటు తిరిగిపోయారు. ఆయనకో మేకు దొరికింది. విజయగర్వంతో జేబులో వేసుకున్నాడు. మర్నాడు చొక్కా ఉతుకుతుంటే అది అత్తయ్య వేల్లో దిగింది. "షీటుకు తప్పిన చిల్లు నాకు పడింది" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అదే రోజు టిప్పర్ డ్రైవరొకడు గుట్కా ప్యాకెట్ కింద పడేశాడు. "ఏరా, ఇదేమన్నా చెత్తకుండీ అనుకున్నావా?" అని మావయ్య గర్జించాడు. వాడు పాపం గేటు దగ్గరి బోర్డు వైపోసారి, ఈయన వైపోసారి చూసి ప్యాకెట్ తీసుకున్నాడు.

ఇక నా సంగతి. అప్పు చేసి ప్లాటు కొని, ముచ్చటపడి చూపించాను. మడమ పోటు పడింది. చిటికెడు మట్టి తడిపి వేళ్ల మధ్య నలిపి, మా ఆవిడ ముందే, "నల్లరేగడి. పునాదులు గట్టిగా వెయ్యకపోతే గోడలు నెర్రెలిస్తాయి. రెండు టిప్పర్లు నాకివ్వు, మా గొయ్యి అడుగున పరవడానికి పనికొస్తుందేమో ల్యాబుకు పంపిస్తా" అన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ ప్లాటు పేరు "మావయ్య గొయ్యి".

అయినా కోపం నిలవదు. ప్రజాభిప్రాయ సేకరణ రోజు పక్క ఊరి ఆడవాళ్లు, "మా బోర్లు పాడైతే నువ్వు తాగుతావా ఆ నీళ్లు?" అని నిలదీశారట. "తాగుతా" అన్నాడట. అప్పటినుంచి ఆ ఊరి బోరునీళ్లే సీసాలో పట్టి తెచ్చుకుంటున్నాడు. చెత్తబండి ఇంకా ఒక్కటీ రాలేదు, ఆ బోర్ల శాంపిళ్లు ఎలాగూ ల్యాబుకు పంపించారు, ఇప్పట్నుంచే ఎందుకు మావయ్యా అంటే, సీసా మూత తిప్పుతూ అంటాడు కదా: "ల్యాబు రికార్డు ల్యాబుదిరా. రేపు పోల్చుకోడానికి నా నాలుక్కీ రుచి గుర్తుండాలిగా!"