నల్ల సబ్బు

మిరపకాయలు కళ్ళంలో ఉన్నన్నాళ్ళూ రైతు చెవులు ఆకాశం మీదే ఉంటాయి. నిద్రలో కళ్ళు మూతపడతాయి గానీ చెవులు పడవు. ఎండిన కాయ ఒక్క వానకి తడిస్తే రంగు పోయి తాలవుతుంది. గుంటూరు యార్డులో ఎర్రకాయ ధర వేరు, తాలు ధర వేరు. ఆ రెండు ధరల నడుమ ఒక పెళ్ళి ఆగిపోవచ్చు, ఒక అప్పు మరుసటి ఏడాదికి దొర్లిపోవచ్చు.

1987 మార్చి. నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. నా క్లాస్‌మేట్ వాళ్ళన్నయ్య గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళిన డాక్టరు. ఆయన సెలవులకి తెచ్చిన వాటిలోంచి ఒక ఆల్బమ్‌ని సిక్స్‌టీ కేసెట్టులోకి ఎక్కించి నా చేతిలో పెట్టాడు మావాడు. "ఒంటరిగా, చీకట్లో వినాలిరా ఇది" అని చెప్పి మరీ ఇచ్చాడు. పెదకాకానిలో ఒంటరిగా, చీకట్లో కూర్చునే చోటు నాకు తెలిసి మా కళ్ళం ఒక్కటే. పక్క మంచం మీద నాన్న ఉంటాడనుకోండి, అది లెక్కలోకి రాదు.

టేప్‌రికార్డర్‌ సెల్లులతో నడిచేది. పగలు మిరపకాయల పక్కనే సెల్లులు కూడా ఎండబెట్టేవాణ్ణి. ఎండకి పెడితే ఇంకో గంటన్నా పలికేవి. ఆ రాత్రి ఆకాశంలో మబ్బుతునక లేదు, కాయ కుప్ప చేయకుండా పరిచినట్టే వదిలేశాం. దూరంగా మద్రాసు–కలకత్తా రోడ్డు మీద లారీలు పోతున్నాయి. నాన్న నిద్రపోయాడని రూఢి చేసుకుని మీట నొక్కాను.

ఉరుము ఉరిమింది. జోరున వాన. వానలోంచి, ఎక్కడో, గంట.

"ఒరేయ్, వానరా! పట్టాలు, పట్టాలు!"

నేను నోరు తెరిచేలోపే నాన్న పట్టా ఒక కొస పట్టుకుని పరిగెడుతున్నాడు. ఆయన కేకకి పక్క కళ్ళం వాళ్ళు లేచారు, వాళ్ళ కేకకి ఆ పక్కవాళ్ళు. లాంతర్లు, పట్టాలు, తొక్కిడి పడ్డ కాయ ఘాటుకి తుమ్ములు. గిటారు దబ్బున పడేసరికి అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగి పైకి చూశారు. ఆకాశం నిండా చుక్కలు.

"ఏందిరా ఇది?" అన్నాడు నాన్న, పట్టా కొస ఇంకా చేతిలోనే ఉంది. "గంట కూడా మోగింది, శివాలయంలో అనుకున్నా."

తిట్లు తిన్నాను. నిజం చెప్పాలంటే సగం తిట్లు నాకు వినపడలేదు. ఆ గిటారులో మూడే స్వరాలు. మన లెక్కలో చెప్పాలంటే కింది షడ్జమం, పై షడ్జమం, ప్రతిమధ్యమం. ఆ షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్య దూరాన్ని పడమటివాళ్ళు పూర్వం సంగీతంలో దయ్యం అన్నారట. మనకేమో 72 మేళకర్తల్లో 36 ప్రతిమధ్యమం మీదే నిలబడ్డాయి, కళ్యాణితో సహా. దయ్యమో కళ్యాణో గానీ, మైకుల్లో చక్రవర్తినీ ఇళయరాజానీ వింటూ పెరిగిన నన్ను ఆ మూడు స్వరాలు పట్టుకుని ఇప్పటికీ వదల్లేదు.

బ్లాక్ సబ్బాత్ వాళ్ళ మొదటి ఆల్బమ్ అది. పేరు కూడా బ్యాండు పేరే. 1969 అక్టోబరులో లండన్‌లో ఒక్క రోజులో వాయించి పారేశారు, 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం, విడుదల చేశారు. వానా గంటా వాళ్ళు వాయించినవి కావు, తర్వాత అతికించినవి. గిటారు టోనీ అయోమీది. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, పదిహేడేళ్ళప్పుడు, పని మానేసే రోజునే మిషన్లో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకుని వాయించాడు.

ఈ కథ నాన్నకి చెబితే అంతా విని, "ఫ్యాక్టరీవాళ్ళు డబ్బులేమన్నా ఇచ్చారా?" అని అడిగాడు. పత్తి మిల్లుల దేశంలో పుట్టినవాడికి ఆ ప్రశ్నే వస్తుంది.

కేసెట్టు అట్ట మీద నేను రాసుకున్న పేరు కూడబలుక్కుని చదివి, "బ్లాక్ సబ్బా? నల్ల సబ్బా?" అన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో అది నల్ల సబ్బు కేసెట్టు.

వేసవి దాటాక ఓ చిక్కు వచ్చిపడింది. నేను రెండో వైపు మధ్యలో ఆపి పెట్టిన కేసెట్టు, మర్నాడు చూస్తే మొదటి వైపుకి, మొదటికంటా తిరిగి ఉండేది. సెల్లులు కూడా రెండు రోజులకే నీరసపడేవి. తమ్ముడే అని తేల్చాను. వాడు అమ్మ మీద ఒట్టేశాడు, శివుడి మీద ఒట్టేశాడు. ఒట్లు ఎక్కువయ్యేకొద్దీ నాకు నమ్మకం తగ్గింది. రెండు మొట్టికాయలు వేసి, వాడు మా పెద్దమ్మ వాళ్ళింటికి పోయి పడుకుంటానని ఏడ్చేదాకా తెచ్చాను. అయినా కేసెట్టు వెనక్కి తిరుగుతూనే ఉంది.

ఆ ఏడు దేశమంతా కరువు. ఇంట్లో డబ్బు మాటెత్తితే గొడవ. పత్తి విత్తనం కొన్న బాకీ అలాగే ఉంది. అలాంటప్పుడు సెల్లులకి డబ్బులడగాలంటే నాకే సిగ్గేసింది. అయినా అడిగాను. నాన్న ఒక్క మాట అనలేదు. సాయంత్రం గుంటూరు నుంచి వస్తూ నాలుగు ఎవరెడీ సెల్లులు తెచ్చి టేప్‌రికార్డర్ పక్కన పెట్టాడు. నా సంగీతం ఈయనకీ ఎక్కింది కాబోలని ఆ రోజు పొంగిపోయాను. మా స్నేహితులందరికీ చెప్పుకున్నాను కూడా.

2025 జూలై 22న ఆ బ్యాండు గాయకుడు ఆజీ ఆస్బర్న్ పోయాడు. బర్మింగ్‌హామ్‌లో బ్యాండులోని నలుగురూ కలిసి చివరి కచేరీ చేసి పట్టుమని మూడు వారాలు కాలేదు. ఆ వారం పెదకాకాని వెళ్ళినప్పుడు అటక మీంచి పాత పెట్టె దించాను. నాన్న పోయి పదకొండేళ్ళు. అమ్మ మంచం మీద కూర్చుని చూస్తోంది.

"నల్ల సబ్బు కదూ అది? ఇంకా దాచావా?" అంది.

"తమ్ముడు దీన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పేవాడో గుర్తుందా? దీని కోసం వాణ్ణి కొట్టాను."

"వాడెందుకు తిప్పుతాడ్రా? మీ నాన్న."

నేను అమ్మ వంక చూశాను.

"ఆ ఏడు వాన లేదుగా. మీరు నిద్రపోయాక చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఆ మోత మొదలవగానే కట్టేసి, మళ్ళీ వెనక్కి తిప్పేవాడు."

పెట్టెలో ఉన్న టేప్‌రికార్డర్ పనిచేయలేదు. తమ్ముడింట్లో ఒకటుంటే తెచ్చి కేసెట్టు పెట్టాం, ఇద్దరం పక్కపక్కన కూర్చుని. మొదట్లో టేపు అరిగిపోయింది. ఉరుము లేదు, గంట లేదు, వాన లేదు. గిటారు దగ్గర్నుంచి చివరిదాకా మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు.