రేవులపల్లి పుట్టి ఆత్మకథ

రేవు అనే తెలుగు మాటకు ఓడలు ఆగే చోటు అనే అర్థమే కాక, మనుషులూ పశువులూ నీళ్లలోకి దిగే చోటు అనే అర్థం కూడా ఉంది; ఓడరేవు, పడవరేవు, చాకిరేవు అన్నీ ఈ ఒక్క మాటకు పుట్టిన సంతానమే. మచిలీపట్నం వంటి సముద్రపు రేవుల చరిత్ర గ్రంథాలకెక్కింది గాని, కృష్ణానది కుడి ఒడ్డున, జోగులాంబ గద్వాల జిల్లా ధరూర్ మండలంలో, పేరులోనే రేవును మోస్తున్న రేవులపల్లి వంటి నదీరేవుల చరిత్ర చాలావరకు నోటిమాటగానే మిగిలింది. ఆ చరిత్రలో కొంత భాగాన్ని ఆ రేవును ఎరిగిన ఒక పుట్టి ఇక్కడ తన కథగా చెప్పుకొంటోంది. ఆత్మకథకు ఉత్తమ పురుషే తగినదని వ్యాకరణం తెలిసినవారు అనవచ్చు. కాని ముందు వెనుకల భేదమే లేని గుండ్రని వస్తువుకు తనను తాను ముందు నిలుపుకోవడం చేతకాదు కాబట్టి, ఈ కథ ప్రథమ పురుషలోనే సాగుతుంది.

పుట్టి అంటే వెదురు బద్దలతో బుట్టలా అల్లి, బయట నీరు చొరని తొడుగు వేసిన గుండ్రని పడవ. పూర్వం ఆ తొడుగు పశువుల తోలు. తరువాత కుట్టిన ప్లాస్టిక్ సంచులు, వాటిమీద కాచి పూసిన డాంబర్. ఇటీవల కొన్నిచోట్ల ఫైబర్ తొట్లు కూడా పుట్టి పేరుతోనే చెలామణి అవుతున్నాయి, వాటిని బంధువులుగా ఒప్పుకోవడానికి ఈ పుట్టి కొంత సంకోచిస్తుంది. పుట్టి ఇరవై తూముల ధాన్యపు కొలతకు కూడా పేరు కావడం వల్ల, పుట్టిలో పుట్టెడు వడ్లు పడతాయా అన్న ప్రశ్న పుట్టి వైశాల్యాన్నీ, తెడ్డు పట్టినవాడి ధైర్యాన్నీ బట్టి తేలవలసిందే. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది వద్ద జనం తోలు తొడిగిన బుట్ట పడవలలో నది దాటుతారనీ, ఒక్కోదానిలో పదిహేను ఇరవై మంది పడతారనీ, ఎంత తెడ్డు వేసినా అవి తిన్నగా పోక తిరుగుతూనే పోతాయనీ రాసిపెట్టాడు. ఇరాక్‌లో టైగ్రిస్ నదిమీద తిరిగిన ఖుఫ్ఫా, వేల్స్ ఏటి నీళ్లలోని కోరకిల్ కూడా ఇదే జాతివి. దూరదూరపు నదులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే ఒకే ఆకారాన్ని కోరుకున్నాయని దీన్నిబట్టి అనుకోవచ్చు. వెదురు అల్లిక కొన్ని వానాకాలాలకు మించి నిలవదు గనుక, ఈ పుట్టి చెప్పే పాత సంగతులు తన పెద్దల నుంచి సంక్రమించినవే తప్ప స్వయంగా చూసినవి కావు.

గుండ్రని అడుగుకు ఒక గుణమూ ఒక దోషమూ ఉన్నాయి. లోతు చాలని చోట, బండల మధ్య నుంచి కూడా ఒడ్డు చేరగలగడం గుణం. బరువు నడిమధ్య ఉన్నంతసేపే నిలకడగా ఉండి, ఎక్కినవారు లేచి ఒక పక్కకు ఒరిగితే అంచు నీటిలోకి దిగిపోవడం దోషం. ఒరిగిన వస్తువు తిరిగి తన స్థితికి రాగల శక్తిని భౌతికశాస్త్రంలో స్థిరత్వం అంటారు. మనుషులు కూర్చున్న పుట్టికి అది ఉంటుంది, నిలబడ్డ పుట్టికి తగ్గిపోతుంది. నది నడుమ జనం భయంతో కదలకుండా కూర్చుంటారు, ఒడ్డు కనబడగానే భయం వదిలి, మూటలు ఎత్తుకొని, ముందుగా దిగాలనే ఆత్రంలో అందరూ ఒకేసారి లేస్తారు. ఈ పుట్టి పెద్దల్లో ఒకటి ఒకే ఒక్కసారి తిరగబడింది, అదీ మోకాలి లోతు నీటిలో. ఆ రోజు ఒక సంచి శనగలు తప్ప నదికి మరేమీ దక్కలేదు. సుడులకంటే ఒడ్డే అపాయకరమన్న ఈ అనుభవం రవాణా ప్రణాళికలకూ వర్తిస్తుంది: ప్రయాణం ఒక సాధనం నుంచి మరొక సాధనానికి మారే చోటు, అంటే బస్సు దిగి నడక మొదలయ్యే చోటు, ఊరి దారి పెద్ద రోడ్డులో కలిసే చోటు, వంతెన ముగిసి నేల మొదలయ్యే చోటు, దారి పొడవునా ఉన్న ఏ చోటుకన్నా ఎక్కువ జాగ్రత్తను కోరుతుంది.

రేవు అంటే పడవ ఒక్కటే కాదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అవతలి గట్టు నుంచి కేక వేస్తే ఇవతలికి వినిపించే చోటు, నీరు పెరిగినా తగ్గినా కాలు జారని దిగుడు దారి, వేచి ఉన్నవారికి నీడనిచ్చే చెట్టు, వరద రోజున ఇక వెయ్యనని చెప్పగల అధికారం ఉన్న తెడ్డువాడు — ఈ నాలుగూ కలిస్తేనే రేవు. ఈ నాలుగింటిలో చివరిదానికే విలువ ఎక్కువ. ఎందుకంటే ఆపగలిగే మనిషి లేని దాటుడు ఎంత గట్టి పడవలోనైనా జూదమే.

జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగి, 1990ల మధ్యలో అది వాడుకలోకి రావడంతో ఈ రేవు తలరాత మారింది. ఎడమ ఒడ్డున ఉన్న జూరాల గ్రామం పేరు ప్రాజెక్టుకు దక్కింది గాని, ఆనకట్ట కుడి కొస ఆనింది రేవులపల్లి నేలమీదే. పూర్తి నిల్వ మట్టం, అంటే జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే ఎత్తు, సముద్ర మట్టానికి 318.516 మీటర్లు పైన. నీటితోపాటు కాలువలు, విద్యుత్ కేంద్రం, ధరూర్ మండలంలోనే గుడ్డెందొడ్డి వద్ద నిండే నెట్టెంపాడు ఎత్తిపోతల జలాశయం వచ్చాయి. వీటన్నిటికంటే పుట్టికి దగ్గరగా తగిలిన మార్పు ఆనకట్ట మీది రోడ్డు. గద్వాల, ధరూర్ వైపు జనానికి ఆత్మకూరు, అమరచింత వైపు పోవడానికి అది దగ్గరి దారి అయింది. మొదటి బస్సు ఆ గట్టు దాటిన నాటి నుంచి పుట్టికి మనుషుల బరువు తప్పి చేపల వలల బరువు మిగిలింది. దీనికి పుట్టికి బాధ లేదు. గర్భిణిని ఆసుపత్రికి చేర్చడానికి తెడ్డుకంటే చక్రం మేలు.

అయితే ఆనకట్ట వంతెన కాదు. ఆనకట్ట మీది దారి ప్రధానంగా గేట్లను కనిపెట్టి చూసే సిబ్బంది తిరగడానికి ఉద్దేశించినది. వంతెన వాహనాల బరువు కోసమే లెక్కకట్టి కట్టేది. వడ్ల లారీలు, సీడ్ పత్తి చేలలో క్రాసింగ్ పనికి, అంటే చేతితో చేసే పరాగ సంపర్కానికి, కూలీలను చేరవేసే ఆటోలు, వానాకాలంలో గేట్లు ఎత్తిన దృశ్యం చూడడానికి, గట్టు పక్కన వేడివేడి చేపల వేపుడు తినడానికి వచ్చే సందర్శకుల కార్లు అన్నీ ఆ సన్నని దారిలోనే కలుస్తాయి. వరద ఉధృతంగా ఉన్న గంటల్లోనే సిబ్బందికి దారి అత్యవసరం, ఆ గంటల్లోనే జనం కూడా ఎక్కువ. 2025 జూన్‌లో కొన్ని గేట్ల ఇనుప రోపులు దెబ్బతిన్న సంగతి బయటపడినప్పుడు, ఆనకట్ట మీద భారీ వాహనాలు తిరగడం మంచిది కాదన్న మాట, దిగువన వేరుగా హైలెవల్ వంతెన కట్టాలన్న ప్రతిపాదన బలంగా ముందుకు వచ్చాయి. హైలెవల్ వంతెన అంటే తెలిసిన అత్యధిక వరద మట్టానికి పైన నిలిచేది. 2009 అక్టోబరులో అలంపూర్, కర్నూలు ప్రాంతాలను ముంచిన కృష్ణ, తుంగభద్రల వరదను ఎరిగినవారికి ఆ మట్టం కాగితం మీది గీత కాదు.

పడవ ప్రయాణంలోని ప్రమాదాన్ని ఈ పుట్టి దాచిపెట్టదలచుకోలేదు. 2007 జనవరి 18న, సింగోటం జాతర రోజుల్లో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట వద్ద పడవ మునిగి 61 మంది చనిపోయారు. 2020 ఆగస్టులో మక్తల్ మండలం పంచదేవపహాడ్ దగ్గర తిరగబడినది పుట్టే, నలుగురు గల్లంతయ్యారు. ఆ కొల్లాపూర్ ప్రాంతంలోనే కృష్ణ మీద సోమశిల, సిద్దేశ్వరం మధ్య వంతెన కావాలన్న కోరిక మంచాలకట్ట దుఃఖంతో మరింత గట్టిపడి, 2022 అక్టోబరులో 167కె జాతీయ రహదారిలో భాగంగా రూ. 1,082.56 కోట్ల తీగల వంతెనకు కేంద్రం ఆమోదం తెలిపింది. దుర్ఘటనకూ ఆమోదానికీ మధ్య పదిహేనేళ్లు పైబడ్డాయి. జూరాలకు దిగువన, నది రెండు పాయల మధ్య దీవిగా ఉన్న గుర్రంగడ్డ వాసులు మాత్రం బడికీ బజారుకూ పడవను నమ్ముకొనే ఏళ్ల తరబడి గడిపారు; అక్కడ వంతెన కోరిక పాతది, పని నెమ్మది.

కొత్త వంతెన ఎక్కడ రావాలన్న విషయంలో గట్టు గట్టుకూ ఒక అభిప్రాయం ఉండడం సహజం. వంతెన తన ఊరిని తప్పించుకుపోతే హోటలు, కిరాణా, పంక్చర్ దుకాణం అన్నీ వెలవెలబోతాయని రేవు ఊళ్లకు అనుభవం మీద తెలుసు. ఇంజినీర్లు చూసేది రాతి పునాది దొరికే చోటు, నది ఇరుకైన చోటు, ఖర్చు తగ్గే చోటు, ఇవన్నీ న్యాయమైనవే. పుట్టి అడిగేది మాత్రం కొసల గురించి. అప్రోచ్ రోడ్డు, అంటే ఎత్తయిన వంతెనను నేల మీది రోడ్డుతో కలిపే వాలు దారి, ఊరి బడి ముందు నుంచే పోతుందా? గద్వాల బస్సు ఆగే చోట నీడ, దీపం ఉంటాయా? ట్రాక్టరుకూ కారుకూ మధ్య నడిచేవారికి వేరే పట్టీ ఉంటుందా? ఇంకా తెల్లారకముందే వలలతో నీటికి దిగే బెస్తలకు పాత దిగుడు దారి మిగులుతుందా, లేక కంచె వేసి మూసేస్తారా? వంతెన మీద వాహనాన్ని ఆపగల మనిషి ఎవరూ ఉండరు కాబట్టి, తెడ్డువాడి జాగ్రత్త అంతా గీసే దశలోనే ఆ గీతల్లో ఇమిడిపోవాలి. అది ఇమడకపోతే, ఎంత ఖర్చుతో కట్టిన కొత్త దారి అయినా మోకాలి లోతు నీటి కథనే మళ్లీ చెబుతుంది.

ప్రస్తుతం ఈ పుట్టి జలాశయం ఒడ్డున బోర్లించి ఉంది. పాత తొడుగు తీసేసి కొత్తది కుట్టారు, వదులైన బద్దలు రెండు మార్చారు. అడుగున పూసిన డాంబర్ గట్టిపడడానికి ఇంకా రెండు ఎండలు కావాలి.