తప్పెక్కడుందో చెప్పండి

మా రోజుల్లో జగిత్యాల ట్రెజరీకి పోయిన జీతాల బిల్లులో తప్పుంటే వెనక్కి వచ్చేది. వస్తూ వస్తూ అభ్యంతరాల చీటీ వెంట తెచ్చేది. ఒకటి: మొత్తం అంకెల్లో ఒక తీరు, అక్షరాల్లో ఒక తీరు ఉంది. రెండు: పద్దు తప్పు. మూడు: డ్రాయింగ్ ఆఫీసర్ సంతకం లేదు. అన్నీ ఒకేసారి రాసేవాళ్లు. రోజుకో తప్పు చూపించి తిప్పుకునే గుమస్తాకు పై అధికారితో చీవాట్లు తప్పేవి కావు.

ఇప్పుడో? సిరిసిల్లలో సాంచాలు నడిపే మనిషి, కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి నెట్ సెంటర్‌లో కూర్చొని దరఖాస్తు నింపిస్తే తెర మీద ఎర్రగా ఒక్కటే మాట: 'ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్'. ఏది తప్పు? ఆధార్‌లో ఉన్నట్టు పేరు రాయలేదా? పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారయ్యాయా? బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఐదోది సున్నా కావాలి, అక్కడ ఇంగ్లిషు 'ఓ' పడిందా? ఒకటి దిద్దితే మరొకటి బయటపడుతుంది. ఆ పూట కూలి పోయినట్టే. కొన్ని సర్వర్లయితే దరఖాస్తును తిరగ్గొడుతూనే 200 అని పంపుతాయి. 200 అంటే అంతా సవ్యమని!

దారి తెలియక కాదు ఇదంతా. యాప్‌కూ సర్వర్‌కూ నడుమ మాటలు నడిపే ఏపీఐ తప్పును ఎలా చెప్పాలో 2016లోనే ఆర్‌ఎఫ్‌సీ 7807 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం రాసిపెట్టింది. 2023లో దాని స్థానంలో 9457 వచ్చింది. తప్పు రకం, శీర్షిక, స్టేటస్, వివరం దేనికదే విడిగా ఉంటాయి. అందులోని ఒక ఉదాహరణలో వయసు తప్పు, రంగు తప్పు రెండూ ఒకే జవాబులో వస్తాయి, ఏ గడిలోదో గుర్తుతో సహా. స్టేటస్ 422, అంటే పంపిన వివరాల్లో తప్పుందని. మా అభ్యంతరాల చీటీ చేసిన పని అదే కదా!

జగిత్యాల నుంచి హైదరాబాద్ పోయి కోడ్ రాస్తున్న పిల్లలారా, మీ తెలివికి ఇది పెద్ద పని కాదు. మొదటి తప్పు దగ్గరే ఆగిపోకండి, అన్నీ చూసి ఒకేసారి పంపండి. గడి పేరు, కారణం, మారని ఒక కోడ్ ఇవ్వండి. ఆ కోడ్ ఉంటే యాప్ దాన్ని తెలుగులో చూపించగలదు. సర్వర్ లోపలి గుట్టు మాత్రం బయటపెట్టకండి. దరఖాస్తు తిప్పిపంపే హక్కు మీకుంది. ఎందుకు పంపారో చెప్పాల్సిన బాధ్యత కూడా మీదే.