కుర్చీ దిగని సర్వే

హైదరాబాద్‌లో ఫలానా వీధిలో ఏ కొట్టు నడుస్తోందో, ఏది మూతపడిందో తెలుసుకోవాలంటే ఇప్పుడు ఆ వీధికి వెళ్లక్కర్లేదు. వెళ్తే వడదెబ్బ. ఏసీ గదిలో కూర్చుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, ఓవర్‌చర్ మ్యాప్స్ అనే రెండు ఉచిత మ్యాపు డేటాలను పైథాన్ ప్రోగ్రాముతో పోల్చండి. రెండూ ఒకే మాట చెబితే అది నిజం. దీన్ని వ్యాలిడేషన్ అంటారు.

ముందు పేర్లు కలపాలి. పేర్ల పోలికను కొలిచే ర్యాపిడ్‌ఫజ్ లైబ్రరీలో టోకెన్ సెట్ రేషియో అని ఒక మహా ఉదారుడున్నాడు. ఒక పేరులోని మాటలన్నీ రెండో పేరులో కనిపిస్తే చాలు, నూటికి నూరు మార్కులు. మ్యాపులో గుడి పేరు ‘శ్రీ వెంకటేశ్వర’, పక్క సందులో ‘శ్రీ వెంకటేశ్వర వైన్స్’ ఉన్నాయనుకోండి. నూరు! ఇక స్వామికి ఏకాంతసేవ వైన్స్ షట్టరు దించాకే. అదే, ఒక్క కిరాణా కొట్టు పేరు ఒకచోట తెలుగులో, ఇంకోచోట ఇంగ్లిషులో ఉందంటే ఇంచుమించు సున్నా. కొట్టు ఒకటే, లెక్కలో రెండు.

తర్వాత దూరం. 50 మీటర్ల లోపున్నవి ఒకటేనని నియమం. అంకెలు డిగ్రీల్లో ఉన్నాయనీ, డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లనీ గుర్తుంటేగా! 50 అని కొట్టగానే కోఠీ టీకొట్టుకు కైరో నుంచి మనీలా దాకా అందరూ ఇరుగుపొరుగే. మ్యాపు లెక్కలు చేసే జియోపాండాస్ లైబ్రరీ పాపం హెచ్చరిస్తుంది. దాని నోరు నొక్కే లైను అందరికీ కంఠస్థం. మీటర్లలోకి మార్చే లైను మాత్రం ఎవరికీ గుర్తుండదు. అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయా, చార్మినార్ (17.36, 78.47) వెళ్లి ఉత్తర ధ్రువం దాపున స్వాల్‌బార్డ్ మంచులో దిగుతుంది. ఇరానీ చాయ్‌కి ధ్రువపు ఎలుగుబంట్లు క్యూ కడతాయి.

ఇవన్నీ సరిదిద్దుకోగల తప్పులు. దిద్దినా పోని రోగం వేరే ఉంది.

2022లో అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్, టామ్‌టామ్ కలిసి పెట్టిన ఓవర్‌చర్‌లో ప్రతి స్థలానికీ, అది నిజంగా ఉందన్న నమ్మకానికి సున్నా నుంచి ఒకటి దాకా ఒక మార్కు ఉంటుంది. ఆ స్థలాల్లో చాలావరకు మెటా వారి ఫేస్‌బుక్ పేజీల నుంచి వచ్చినవే. దర్జీ దుకాణం ఎత్తేసి ఊరెళ్లిపోయినా అతని ఫేస్‌బుక్ పేజీ ఊరెళ్లదు. ఓవర్‌చర్ పట్టికలో కొట్టు భేషుగ్గా నడుస్తుంటుంది. పేజీ లేని ఇస్త్రీ బండి ఆ మూలనే ఏళ్లుగా పొగలు కక్కుతున్నా, పట్టికలో ఉండదు.

ఈలోగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాలంటీరు ఒకడు ఎండలో కాళ్లీడ్చుకుంటూ వచ్చి, ఆ దర్జీ షట్టరు చూసి, ‘షాప్’ ట్యాగుకు ముందు ‘డిస్‌యూజ్డ్’ తగిలించి పోతాడు. మన కోడు ‘షాప్’ ట్యాగునే వెతుకుతుంది కాబట్టి దానికి ఆ దుకాణం కనబడదు. రిపోర్టులో ఏం రాస్తాం? ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో డేటా లోపం: ఒక దర్జీ దుకాణం గల్లంతు.’ చూసొచ్చినవాడిది లోపం, చూడనివాడిది ప్రమాణం!

చివర్లో రంగురంగుల గ్రాఫు, దశాంశం తర్వాత రెండంకెలతో కచ్చితత్వ శాతం. ఓ యాభై చోట్లయినా ఎవరైనా వెళ్లి చూశారా అని అడగండి. ‘ఫీల్డ్ వర్క్ మా స్కోప్‌లో లేదండీ’ అంటారు.