బీప్ భరోసా

కొత్త కారు కొన్నాయన నోట ఇప్పుడు ఒకటే మాట: "భయమెందుకన్నా? కారే చూసుకుంటది." ముందు ఏదైనా అడ్డమొస్తే బీప్‌మంటుందట. అందుకని చేవెళ్ల మర్రిచెట్లు, మన్నెగూడ మలుపు, అనంతగిరి ఘాటు, తాండూరు నాపరాళ్ల లారీలు అన్నీ రాడార్‌కూ కెమెరాకూ అప్పగించేసి, తాను వాట్సాప్‌లో పడతాడు.

రాడార్ గొప్పదే, కాదనను. ముందు బండి ఎంత దూరంలో ఉందో, మనం ఎంత జోరుగా దాని మీదికి పోతున్నామో లెక్కగట్టి కూత పెడుతుంది. బ్రేకు తొక్కాల్సింది మనం. తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు వేరు. అదున్నా గుద్దుడు తప్పుతుందని కంపెనీవాడు ఎక్కడా హామీ ఇవ్వడు. పైగా మంచు పట్టినా, కుండపోతగా కురిసినా, ఎదురెండ కొట్టినా, బంపర్‌కు బురదంటినా నన్ను నమ్ముకోవద్దని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఎవరు చదివారు గనక! తాండూరులో బురద దాకా ఎందుకు, పాలిష్ యూనిట్ల దుమ్ము చాలు.

ఇక చీకట్లో కందికట్టె నింపుకొని, వెనక లైటు లేకుండా పొలంలోంచి రోడ్డెక్కే ట్రాక్టర్ ట్రాలీని ఇది పసిగడుతుందన్న నమ్మకమూ లేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని మోసే ట్రాలీకి ఎర్ర స్టిక్కరు ఇంకా రాలేదు.

2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఎదురొచ్చిన కంకర టిప్పర్ ఢీకొట్టి 19 మంది పోయారు. ఇక్కడ వెటకారం వద్దు. ఎదురుగా వచ్చే బండిని పసిగట్టడం చాలా కార్లలోని హెచ్చరికకు చేతకాదు, అంతే. డివైడర్ లేని రోడ్డు మీద మరి ఆ ధీమా దేన్ని చూసుకొని?

ఇంకో మహానుభావుడు బీప్ చెవికి ఇబ్బందని, హెచ్చరికను ఆఖరి క్షణానికి జరిపేశాడు. 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. కూత విని, ఏమైందా అని స్క్రీన్ చూసి, తర్వాత రోడ్డు చూస్తాడు కాబోలు. హెచ్చరికను ముందుగానే మోగేలా పెట్టుకో, ముందు బండికి మూడు సెకన్ల ఎడం ఉంచు, కెమెరా అద్దం తుడువు అంటే, "టాప్ మోడల్ కొన్నది ఇందుకా?" అంటాడు. తుడవకపోగా, రాడార్‌కు అడ్డంగా ఇనుప గార్డు బిగించాడు. కేంద్రం వాటిని 2017లోనే వద్దంది. గార్డుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. లైటు లేని ట్రాలీని అవైనా కనిపెడతాయేమో.